నలభై ఒకటో నంబరు డ్రాయింగు ఎవరి దగ్గరుంది

ఆయన్ని అందరూ మెట్లాయన అనేవాళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషికి అదేం పేరని మీరు అడగొచ్చు. లిఫ్టులు బాగుచేసేవాడు కాబట్టే ఆ పేరు. ఏ భవనానికి వెళ్ళినా పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి పోయేవాడే గాని లిఫ్టెక్కేవాడు కాదు. "ఏమయ్యా, నీ పని మీద నీకే నమ్మకం లేదా?" అని జనం నవ్వితే, "మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?" అని తనూ నవ్వేవాడు. అసలు సంగతి వేరు. ఒక్కో అంతస్తులో మెట్ల మీద నిలబడి, పక్కనుంచి పోయే లిఫ్టు చప్పుడు వింటే రోగం ఎక్కడుందో తెలిసిపోతుందని ఆయన లెక్క. లోపల ఎక్కి కూర్చున్నవాడికి ఆ చప్పుడు తెలియదట.

ఇప్పుడు ఆయన వినడానికి చప్పుడే లేదు. తను కాపురముండే భవనంలోనే లిఫ్టు చచ్చి అయిదు నెలలైంది. ఆరో అంతస్తులో, వంటగదికీ పడకగదికీ మధ్య సందులో వేసిన బల్ల ముందు కూర్చుని, రోజూ పొద్దున్న వంటయ్యాక కంప్యూటర్ తెర మీద ఒక జాబితా చూస్తుంటాడు. ఆ జాబితా నెత్తిన 'తెలిసినవాళ్ళు' అని ఉంటుంది. కింద పంతొమ్మిది వరసలు. వరసకొక మనిషి. మనిషి పేరు, వాడి మిషను చిరునామాగా బారెడు అంకెలు, వాడి దగ్గర ఏయే డ్రాయింగులున్నాయి, చివరిసారి ఎప్పుడు కనిపించాడు. వరసకి ఎడమపక్క ఒక చుక్క. ఆ మిషను ఇప్పుడు వెలుగుతుంటే చుక్క పచ్చగా ఉంటుంది, లేకపోతే బూడిద రంగు. పంతొమ్మిదికి పంతొమ్మిదీ బూడిద చుక్కలే.

ఈ జాబితా పుట్టుక చెప్పాలంటే తొమ్మిదేళ్ళు వెనక్కి పోవాలి. ఆయన పనిచేసిన లిఫ్టుల కంపెనీ మూతపడ్డ ఏడాది, ఆఫీసులో రెండు బీరువాల నిండా ఉన్న, ఏ తీగ ఎక్కడ కలవాలో చూపే పాత డ్రాయింగుల్ని చిత్తుకాగితాల కింద పారేస్తామన్నారు. ఆ కంపెనీ లిఫ్టులు ఊరూరా తిరుగుతూనే ఉన్నాయి, వాటి ప్రాణం ఆ కాగితాల్లో ఉంది. ఇరవైమంది మెకానిక్కులు కూడబలుక్కుని, నెల రోజులు కూర్చుని, ఒక్కో కాగితాన్నీ ఫొటో తీసి కంప్యూటర్లలోకి ఎక్కించారు. ఆ బీరువాలు చూసుకునే గుమస్తా ఎవరినో పట్టుకుని ఒక ప్రోగ్రాం పెట్టించాడు. దానికి పెద్ద మిషనంటూ ఎక్కడా లేదు. ఎవరి ఇంట్లో ఉన్న మిషను వాళ్ళదే. ఒకరి మిషను ఇంకొకరి మిషనుతో నేరుగా మాట్లాడుకుంటుంది, కావలసింది తెచ్చుకుంటుంది. ఒక్కరి దగ్గరే అన్నీ పట్టవు గనక పంచుకున్నారు. ప్రతి డ్రాయింగూ ఇద్దరి దగ్గర ఉండాలన్నది ఒప్పందం. ఒకడిది పాడైతే రెండోవాడిది ఉంటుంది కదా. ఆ రోజు అందరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. కాగితాలన్నీ మర్నాడు లారీలో పోయాయి.

నలభై ఒకటో నంబరు డ్రాయింగు మెట్లాయన వాటాకొచ్చింది. రెండో ప్రతి గడియారం దగ్గర. గడియారం అంటే ఆయన జన్మకొక్క స్నేహితుడు. ఎనిమిదింటికి రమ్మంటే పదింటికి వచ్చేవాడు కాబట్టి ఆ పేరు పడింది. ఇద్దరూ ఇరవై రెండేళ్ళు ఒకే క్యారేజీలోంచి తిన్నారు. నలభై ఒకటి అంటే మరేదో కాదు, మెట్లాయన ఇప్పుడు కాపురముంటున్న ఈ భవనంలోని లిఫ్టు రకానిదే. చూశారా విధి ఎంత వెటకారపుదో.

భార్యకి పక్షవాతం వచ్చి ఏడు నెలలు. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు లిఫ్టు ఉంది, చక్రాల కుర్చీ సరిగ్గా పట్టింది. మొదటి రెండు నెలలూ రోజూ పదింటికి కిందికి దింపేవాడు. కింద మెట్ల సందులో ఆవిడ కుట్టుమిషను ఉండేది. పాతికేళ్ళుగా ఆ భవనంలో అందరి జాకెట్లూ, స్కూలు పిల్లల లాగులూ ఆవిడే కుట్టింది. కాలు పడిపోయాక మిషనుకి మోటారు బిగించి ఇచ్చాడు మెట్లాయన. కుడిచేత్తో బట్ట నడిపిస్తూ, "ఇదిగో, వంకరగా వచ్చినా కుట్టు కుట్టే" అనేది. వచ్చేపోయేవాళ్ళు ఆగి పలకరించేవాళ్ళు. ఆవిడ మొహంలో నెత్తురు కనిపించేది ఆ రెండు గంటలే.

తర్వాత ఒక వానరోజు లిఫ్టు పైగదిలోకి నీళ్ళు కారాయి. ఫెళ్ళుమని చప్పుడు, పొగ. పరుగెత్తి వెళ్ళి పెట్టె తెరిచి చూస్తే నూట నలభై తీగలు కరిగి ఒక్క ముద్ద. ఏది ఏ రంగో తెలియదు, ఏ తీగ ఎక్కడికి పోవాలో తెలియదు. కొత్త కంపెనీ కుర్రవాళ్ళు వచ్చి కొలతలు తీసి, ఈ గోతిలో ఇప్పటి లిఫ్టు ఏదీ పట్టదు, గోడలు పడగొట్టాలి అని చెప్పి వెళ్ళిపోయారు. పాతదాన్నే బతికించాలి. దానికి నలభై ఒకటి కావాలి.

"మీ దగ్గరే ఉండాలి కదండీ అది?" అంది భార్య ఆ రోజే. ఆవిడకి అన్నీ గుర్తే.

"మా గడియారంగాడి దగ్గరుంది. తెప్పిస్తాను" అన్నాడు మెట్లాయన, మొహం తిప్పుకుని.

తన దగ్గర లేదు. ఉండేది. పది నెలల కిందట, ఆవిడకింకా ఏ రోగమూ లేని రోజుల్లో, కంప్యూటర్లో చోటు చాలక తనే తీసేశాడు. ఆవిడ మధ్యాహ్నం కుట్టుపనిలో ఉండి చూడలేకపోయే సీరియలుని ఆయన దాచిపెట్టి రాత్రిపూట చూపించేవాడు. నూట యాభై భాగాలయ్యాక మిషను ఇక పట్టదని మొండికేసింది. అప్పుడు జాబితా తెరిచి చూశాడు. గడియారం వరసలో నలభై ఒకటి ఉంది. అమ్మయ్య అనుకుని తన ప్రతి తీసేశాడు. పక్కనే 'చివరిసారి కనిపించింది: నెల క్రితం' అని ఉన్నది చూడలేదు. చూసినా పట్టించుకునేవాడు కాదేమో. ఏమున్నదో చూశాడు గాని, ఆ మాట ఎప్పటిదో చూడలేదు. జాబితా చెప్పేది అవతలివాడు ఆఖరిసారి కలిసినప్పుడు చెప్పిన కబురే. ఆ తర్వాత వాడేం చేశాడో దానికేం తెలుసు పాపం.

ఈ సంగతి భార్యకి చెప్పలేదు. చెప్పే అవసరం రాదనుకున్నాడు. గడియారం మిషను ఒక్కసారి వెలిగితే అయిదు నిమిషాల పని.

వెలగలేదు. ఫోను చేస్తే ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేశారు. రెండు బస్సులు మారి గడియారం పాత ఇంటికి వెళ్తే కొత్తవాళ్ళున్నారు. కూతురి ఊరు వెళ్ళిపోయారట, ఏ ఊరో తెలియదన్నారు. మిగిలిన పద్ధెనిమిదిమందిలో దొరికిన నలుగురైదుగురినీ అడిగాడు. "ఏమోనోయ్, నేనా కంప్యూటర్ ఎప్పుడో అమ్మేశాను" అన్నవాళ్ళే అందరూ. ఎవరికి వారే యమునా తీరే. స్నేహితుడి మిషను చిరునామా బారెడు అంకెల్లో కళ్ళెదుటే ఉంది, మనిషి ఇంటి నంబరు మాత్రం తెలియదు. ప్రోగ్రాంలో కబురు వదిలే చోటుంటే అక్కడ రాసిపెట్టాడు: 'ఒరే, మిషను వెలిగించు. నలభై ఒకటి కావాలి. మీ చెల్లెమ్మ కిందికి దిగాలి.' కింద తన ఫోను నంబరు. అవతలి మిషను వెలిగిన రోజున ఆ కబురు చేరుతుంది.

నాలుగు నెలలు ఎదురుచూశాడు. చూసి చూసి, ఓపిక పట్టలేక, ఒకరోజు ఊహ మీద తీగలు కలిపాడు. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం ఊరికే పోతుందా అనుకున్నాడు. లిఫ్టు కదిలింది. మెట్ల మీద నిలబడి ఆ చప్పుడు వింటుంటే ఆయన కళ్ళు తడిశాయి. మరుక్షణం నాలుగో అంతస్తు నుంచి కేక. లిఫ్టు అడుగున ఉండగానే అక్కడి తలుపు తెరుచుకుంది. పేపర్లేసే ఆవిడ ఒక కాలు లోపల పెట్టబోయి, చేతిలో కట్ట జారితే వంగి చూసి ఆగిపోయింది. పేపర్లు మాత్రం నాలుగంతస్తుల లోతుకి పడ్డాయి. మెట్లాయన దిగి వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

ఆ సాయంత్రమే భవనం కమిటీ పెద్ద మెట్లెక్కి వచ్చాడు. మంచివాడే. కూర్చోమన్నా కూర్చోలేదు. "మీరంటే గౌరవం ఉందండీ. కానీ ప్రాణాలతో ఆటలాడలేం కదా. ఒకటో తారీఖు దాకా చూస్తాం. ఆ డ్రాయింగేదో దొరికితే సరే. లేకపోతే అన్ని అంతస్తుల్లోనూ తలుపులకి చెక్కలు కొట్టించేస్తాం."

"కొట్టించేస్తే మళ్ళీ తియ్యరు" అన్నాడు మెట్లాయన.

"తియ్యం" అన్నాడాయన, తల దించుకుని.

ఇరవై ఒక్క రోజుల గడువు. భార్య గదిలోంచి అంతా వింది. ఏడవలేదు, తిట్టలేదు. మర్నాడు పొద్దున్న, "నా చెప్పులు కడిగి గుమ్మం దగ్గర పెట్టండి. దొరికినరోజు వెతుక్కునే పని ఉండదు" అంది. అయిదు నెలలుగా వేసుకోని చెప్పులు. కడిగి పెట్టాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వాటి మీద దుమ్ము తుడవడం ఆయన పనుల్లో ఒకటైంది. తుడిచి, వంట చేసి, ఆవిడకి తినిపించి, జాబితా ముందు కూర్చునేవాడు. దేవుడి ముందు కూర్చున్నా అంత నిష్ఠ ఉండేది కాదు.

"ఎవరైనా కనిపించారా?" అని గదిలోంచి అడిగేది ఆవిడ.

"ఇంకా లేదు."

"మీ గడియారం కదా, ఆలస్యంగానే వస్తాడు లెండి." ఆవిడ హాస్యమాడినప్పుడల్లా ఆయన తెర మీదికి ఇంకాస్త వంగేవాడు. మనల్ని తిట్టాల్సిన మనిషి మనల్ని ఓదారుస్తుంటే అంతకన్నా శిక్ష లేదు.

గడువుకి మూడు రోజులుందనగా, పదకొండున్నర ప్రాంతంలో, గడియారం చుక్క పచ్చగా మారింది.

మెట్లాయన ముందు నమ్మలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని చూశాడు. పచ్చగానే ఉంది. 'చివరిసారి కనిపించింది: ఇప్పుడే.' గబగబా నలభై ఒకటి మీద నొక్కాడు. రెండు మిషన్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి కబుర్లు మార్చుకుంటున్నట్టు తెర మీద చిన్న చక్రం తిరిగింది. తిరిగి ఆగింది. గడియారం వరసలో అంకెలు ఒకసారి చెరిగి మళ్ళీ వచ్చాయి. ముప్పై ఎనిమిది, నలభై, నలభై రెండు. ఇంకా పూర్తిగా రాలేదేమోనని ఎదురుచూశాడు. మళ్ళీ నొక్కాడు. అంతలో ఫోను మోగింది.

"బాబాయ్, నేను మీ గడియారం కూతుర్ని."

"అమ్మా, నువ్వా! నాన్నేడీ? ముందు వాడికియ్యి ఫోను. నాలుగు తిట్టాలి వెధవని."

"నాన్న పోయి ఎనిమిది నెలలైంది బాబాయ్. మా దగ్గర ఎవరి నంబర్లూ లేవు. నాన్న ఫోను కూడా అప్పుడే పోయింది. ఇవాళ ఈ కంప్యూటర్ ఎవరికైనా ఇచ్చేద్దామని, ఫొటోలు తీసుకుందామని తెరిస్తే మీ కబురు కనిపించింది."

మెట్లాయనకి ఇరవై రెండేళ్ళ క్యారేజీ గుర్తొచ్చింది. ఆ దుఃఖం పూర్తిగా పైకి రాకముందే, సిగ్గులేని మనసు, నలభై ఒకటి సంగతి అడగమని లోపలినుంచి పొడిచింది. అడిగాడు. ఆ అడిగినందుకు తనని తాను జన్మలో క్షమించుకోలేదు.

"ఉండండి బాబాయ్, చూస్తాను. ఎక్కడ నొక్కాలి?"

ఆయన చెబుతుంటే ఆ పిల్ల ఒక్కొక్కటే తెరిచింది. "ముప్పై ఎనిమిది ఉంది. నలభై ఉంది. నలభై తర్వాత నలభై రెండు ఉంది బాబాయ్."

"సరిగ్గా చూడమ్మా. మధ్యలో ఉండాలి."

"చూశాను బాబాయ్. ఇల్లు మారేముందు నాన్న దీంట్లో చాలా తీసేశాడు. చోటు లేదని." ఇంకేదో నొక్కిన చప్పుడు. "ఆగండాగండి, ఇక్కడ మీ పేరుంది. తెలిసినవాళ్ళు అన్నచోట. దాని మీద నొక్కితే పక్కన నాన్న ఏదో రాసుకున్నాడు. చదవనా?"

ఆయన ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"'నలభై ఒకటి మెట్లాయన దగ్గరుంది. నాది తీసేశాను. వాడి దగ్గరుంటే ఇనప్పెట్టెలో ఉన్నట్టే.' అదీ బాబాయ్ రాసింది." ఆ పిల్ల గొంతు తేలికపడింది. "అయితే మీ దగ్గరే ఉందన్నమాట కదా?"

"ఆఁ. వెతుక్కుంటానమ్మా" అన్నాడు. చచ్చిపోయిన స్నేహితుడి నమ్మకాన్ని కూతురి చెవిలో చంపడానికి నోరు రాలేదు. అదొక్కటే ఆ రోజు ఆయన చేసిన మంచి పని.

ఫోను పెట్టేసి ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. ఒకడేమో ఇంకొకడి దగ్గరుందని తీసేశాడు, ఆ ఇంకొకడు వీడి దగ్గరుందని తీసేశాడు. తిట్టుకోవడానికి దొంగ లేడు, మోసగాడు లేడు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి కొండంత నమ్మకం. మిషన్లు మధ్యలో ఒక్కసారి కలిసినా బయటపడేది. ఈయన ఆ ప్రోగ్రాం పొద్దున్న తెరిచేవాడు, ఆ ఆలస్యపు మనిషి సాయంత్రం తెరిచేవాడు.

"ఏమండీ" అని పిలిచింది భార్య. ఆవిడ సగం వింది, సగం ఊహించింది. "గడియారం అన్నయ్య పోయారా?"

మంచం పక్కన కూర్చుని చెప్పాడు. స్నేహితుడి చావు చెప్పాడు, డ్రాయింగు లేదని చెప్పాడు. అక్కడితో ఆగొచ్చు. ఆగలేకపోయాడు. "అసలు నా దగ్గరే ఉండేదే. నేనే తీసేశాను. నీ సీరియలు పట్టలేదని తీసేశాను."

ఆవిడ చాలాసేపు పైకప్పు వంక చూసింది. కోప్పడుతుందని ఆశపడ్డాడు. ఒక్కసారి కుడిచేత్తో చెంప పగలగొట్టినా బావుండేదనుకున్నాడు.

"ఏ సీరియలు?" అంది చివరికి. "ఆ అక్కచెల్లెళ్ళదా?"

"అదే."

"దాని చివర ఏమైందండీ? నాకు బొత్తిగా గుర్తు రావడం లేదు."

ఆయనకీ గుర్తులేదు. తల అడ్డంగా ఆడించాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళ చివరినుంచి నీళ్ళు చెవిలోకి కారుతుంటే తుడవడానికి ఆయన చెయ్యి లేవలేదు.

తర్వాత రెండు రోజులూ అలవాటు కొద్దీ జాబితా తెరిచాడు. గడియారం చుక్క మళ్ళీ బూడిదైపోయింది. ఆ పిల్ల ఫొటోలు తీసుకుని మిషను ఆపేసి ఉంటుంది. 'చివరిసారి కనిపించింది: నిన్న' అని ఉంది ఎనిమిది నెలల కింద పోయినవాడి ఎదురుగా. మర్నాటికి అది 'రెండు రోజుల క్రితం' అయింది. పంతొమ్మిదిమందిలో అందరికన్నా ఈమధ్యన కనిపించినవాడు వాడే. తనలాగే ఎవరో ఎక్కడో కూర్చుని, మెట్లాయన అనే వరసలో నలభై ఒకటి ఉందని చూసి నిశ్చింతగా ఉన్నారేమో కూడా. వాళ్ళకి కాదని చెప్పాలంటే వాళ్ళ మిషన్లు వెలగాలి.

ఒకటో తారీఖు పొద్దున్న తొమ్మిదింటికే వడ్రంగులు వచ్చారు. కింది నుంచి మొదలుపెట్టారు. ఖాళీ గోతిలోంచి ఆ సుత్తి దెబ్బలు ఇంట్లో కొడుతున్నట్టే వినిపించాయి. మెట్లాయన వంటగదిలో నిలబడిపోయాడు. ఏ చప్పుడు ఏ అంతస్తుదో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గదిలోంచి ఆవిడ కూడా లెక్కపెడుతోంది. ఒకటో అంతస్తు అయింది అంది. కాసేపాగి, రెండు అంది. నాలుగో అంతస్తు దగ్గర వాళ్ళు టీకి ఆగారు.

పదకొండు దాటాక వాళ్ళ గుమ్మం ఎదురుగానే సుత్తి మోగింది. వసారాలో చెక్క ముక్కలు పడుతున్న చప్పుడు. ఆఖరి మేకు దిగాక వడ్రంగి పనిముట్లు సర్దుకుని మెట్లు దిగిపోయాడు. ఆ అడుగుల చప్పుడు కింద దాకా వినిపించి ఆగిపోయింది.

"ఆరు" అంది ఆవిడ. "ఇంక ఆ చెప్పులు లోపల పెట్టెయ్యండి. గుమ్మంలో అడ్డం."

ఆయన వెళ్ళి వంగి చెప్పులు తీశాడు. తుడవబోయి, ఇంకెందుకని ఆగాడు. ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఆ జత చేత్తో పట్టుకుని, జాబితా వెలుగుతున్న ఆ సందులోనే నిలబడిపోయాడు.